ఖాళీ ఊళ్లోకి వచ్చిన వెదురు

అటవీ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు మా ఇంటికి వచ్చినప్పుడు మొదట అడిగేది పులి గురించి. "ఎప్పుడైనా ఎదురుపడిందా సార్?" అంటారు. పడలేదు. నా సర్వీసంతా దాదాపు రాజమండ్రి చుట్టుపక్కలే గడిచింది. ఏటిగట్ల మీద మొక్కలు నాటించడం, వాటిని మేకలు తినేశాయని పైవాళ్లకి రాసుకోవడం, మళ్లీ నాటించడం. పులులుండే చోటికి నన్నెవరూ పంపలేదు. అయినా ఉద్యోగంలో నేను నిజంగా భయపడ్డ చోటు ఒకటుంది. అది అడవి కూడా కాదు, గోదావరి మధ్యలో ఒక లంక. అక్కడున్నది వెదురు, అంతే. చెబుతాను, నవ్వకుండా వినండి.

తొంభైల చివరి రోజులవి. నేను సెక్షన్ ఆఫీసర్ని. ఒకరోజు మా రేంజరు గారు పిలిచారు. ఆయన నవ్వకుండా హాస్యమాడే మనిషి.

"ఏవయ్యా, ఒక లంకలో వెదురు నడిచొస్తోందిట. ఊరివాళ్లు అర్జీ పెట్టారు. వెళ్లి చూసి, దానికి కాళ్లు ఎటున్నాయో చెప్పు" అన్నారు.

ఆ లంక సంగతి ముందు చెప్పాలి. ఎగువ మొన దగ్గర, వరద ఉధృతి విరగడానికని పూర్వం ఎవరో ముళ్ల వెదురు వేశారు. అది పెద్ద తోపయింది. దానికి దిగువన, లంక నడిమధ్యన ఒక ఊరుండేది. ఇంకా కిందికి, తోక దగ్గర, గేదెల్నీ మేకల్నీ పెంచుకునేవాళ్ల పాకలు ఉండేవి. ఒక పెద్ద వరదొచ్చి లంకంతా మునిగింది. తర్వాత గవర్నమెంటువారు ఏటిగట్టుకి అవతల స్థలాలిచ్చి కాలనీ కట్టించారు. ఊరు ఊరంతా కాలనీకి వెళ్లిపోయింది. వెళ్తూ పెంకులు, దూలాలు, తలుపులు పట్టుకుపోయారు. మట్టిగోడలు మాత్రం వానలకి కరిగి దిబ్బలుగా మిగిలాయి. పాకలవాళ్లు మాత్రం గడ్డి కోసం వెనక్కొచ్చి తోక దగ్గరే ఉండిపోయారు.

ఊరు ఖాళీ అయిన కొన్నేళ్లకి మొన దగ్గరి వెదురు పూసింది. వెదురు జన్మకొక్కసారే పూస్తుంది. తోపంతా కలిసి పూస్తుంది, వడ్లలాంటి గింజలు రాలుస్తుంది, తర్వాత నిలబడ్డ చోటే చచ్చిపోతుంది. మేం వెళ్లేనాటికి ఆ తోపు ఎండిపోయి ఎముకల గుట్టలా ఉంది. కానీ దాని పిల్లలు మొలిచాయి. అర్జీ వాటి మీదే.

నాతో మా గార్డు వచ్చాడు. కాకినాడ వైపు మనిషి. ధైర్యవంతుడే. కలప దొంగల్ని ఒంటిచేత్తో పట్టుకున్నవాడు. మాటకి ముందొక "ఆయ్", వెనకొక "అండి" లేకుండా మాట్లాడడు.

పడవ దిగి కాస్త నడిచాక మొదటి వింత కనబడింది. పాకల వైపు, మేకలు తిరిగే మేర, ఒక్క వెదురు మొక్క లేదు. గడ్డి కూడా నేలకి అంటుకుని ఉంది. ఆ పైన, గీత గీసినట్టు, వెదురు మొదలైంది. మనిషెత్తు, రెండు మనుషులెత్తు. సందు లేదు.

"ఇందులో వింతేముంది, ఇటువైపు పశువులు మేసేస్తున్నాయి" అన్నాను.

"ఆయ్, అది సరేనండి. మరి అదేంటండి?" అని గార్డు వేలు చూపించాడు.

పక్కనే ఎత్తుగా ఉన్న ఇసుక గట్టుమీద నించుని చూస్తే ఆ వెదురు ఒకే మట్టంగా లేదు. ఒకచోట నల్లగా, ఎత్తుగా, గుబురుగా ఉంది. పక్కన పల్చగా, పొట్టిగా ఉంది. మళ్లీ గుబురు, మళ్లీ పల్చన. అలా వరసలు వరసలుగా ఉంది. కాసేపు చూస్తూ ఉంటే అర్థమైంది. అవి ఇళ్లు. మట్టిగోడలు కరిగిన చోట, పేడా బూడిదా కలిసిన మెత్తటి దిబ్బల మీద వెదురు ఏపుగా లేచింది. తరాలుగా కాళ్లు తొక్కి గట్టిపడ్డ వీధుల్లో మాత్రం సన్నగిల్లింది. రెండు వీధులూ, ఒక అడ్డవీధీ, వీధి చివర ఒంటిగా ఒక ఇల్లు. ఊరు ఎలా ఉండేదో అలాగే, వెదురుతో లేచి నించుంది. మనుషులు పట్టుకుపోయిన ఇళ్లన్నీ ఎవరో తిరిగి కట్టుకున్నట్టుంది.

కారణం నాకు తెలుసు. ఎరువున్న చోట మొక్క పెరుగుతుంది. తెలిసి కూడా ఆ వీధిలోకి అడుగు పెట్టడానికి నాకు కాస్త టైము పట్టింది.

లోపల వెలుతురు పచ్చగా, నీళ్ల అడుగున ఉన్నట్టుంది. కాళ్ల కింద ఎండాకులు. గాలి వీచినప్పుడల్లా మొన వైపు ఎండుగడలు ఒకదానికొకటి రాసుకుని కిర్రుమంటున్నాయి. తలుపు తీస్తున్నట్టు, మళ్లీ ఎవరో దగ్గరికి వేస్తున్నట్టు. ఒకచోట రుబ్బురోలు కనబడింది. కింద నుంచి వెదురు దుబ్బు లేచి దాన్ని నేల మీంచి పైకెత్తేసింది. రోలు పక్కకి ఒరిగి, వెదురు ఒళ్లో ఉంది.

అక్కడ గార్డు నా చొక్కా పట్టుకుని ఆపాడు.

"వినబడుతోందాండి?"

సర్రు... సర్రు... సర్రు. చీపురు చప్పుడు.

"ఆకులయ్యా, గాలికి" అన్నాను.

"కాదండి. ఆకుల చప్పుడైతే ఒకే తీరున ఉంటదండి. ఇది ఆగుతోంది చూడండి. నడుం నిటారు చేసుకోడానికి మనిషి ఆగినట్టు ఆగి, మళ్లీ మొదలవుతోందండి."

విన్నాను. నిజమే. ఆగింది. మొదలైంది. ఇంకోసారి ఆగింది. ఈసారి మళ్లీ మొదలవలేదు. మేం చప్పుడు వచ్చిన వైపు ముళ్లు తప్పించుకుంటూ వెళ్లేసరికి కొంతసేపు పట్టింది. వెళ్లి చూస్తే, ఆ వెదురు మధ్యన నలుచదరంగా ఒక వాకిలి. శుభ్రంగా ఊడ్చి ఉంది. కళ్ళాపి చల్లిన తడి ఇంకా ఆరలేదు. నడిమధ్యన చుక్కల ముగ్గు. వెనకాల మోకాలెత్తు మొండిగోడ, అరుగు, దాని పక్కన పొయ్యి. చుట్టూ నాలుగు వైపులా వెదురు గోడలా నించుని ఉంది. మనిషి లేడు.

గార్డు ఆ వాకిట్లో కాలు పెట్టలేదు. "పదండి సార్, ఎవరైనా పిలిస్తే మాత్రం పలక్కండి" అన్నాడు. ఎవరూ పిలవలేదు. కానీ పడవ ఎక్కేదాకా ఇద్దరం వెనక్కి తిరిగి చూడలేదు.

నేను కాలనీకి వెళ్లి అడిగాను. లంకలోకి ఎవరన్నా వెళ్తున్నారా అని. "ఎవరెళ్తారండి, పాములు, పందులు! అందుకే కదండీ అర్జీ పెట్టింది" అన్నారు అందరూ. ఆడవాళ్లు కూడా అదే మాట అన్నారు. పడవవాణ్ణి అడిగితే, "నా పడవలో మీరు తప్ప అటు ఎవరూ రాలేదండి బాబూ" అన్నాడు. రేంజరు గారికి చెబితే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "వెదురు ముగ్గులు కూడా వేస్తోందన్నమాట. రిపోర్టులో రాయకు, మనిద్దర్నీ ఆస్పత్రికి పంపిస్తారు" అన్నారు.

నేను మాత్రం ఆలోచనలో పడ్డాను. పశువులు తిరిగే చోట వెదురు రాలేదు, అర్థమైంది. మనుషులు వదిలేసిన చోట ఊరంతా నిండింది, అదీ అర్థమైంది. కానీ ఆ వాకిలి? గింజలు అక్కడా రాలి ఉంటాయి. పక్కనే దుబ్బులున్నాయి. వానకి మొలవాలి. మొలవలేదంటే, ఎవరో మొలిచింది మొలిచినట్టు పీకేస్తున్నారు. ఒకరోజు రెండురోజులు కాదు, ఏళ్ల తరబడి.

ఇంకోసారి వెళ్లాం. అప్పుడు ముగ్గు వేరేది. అప్పుడూ మనిషి లేడు.

వేసవి ముదిరింది. వెదురు ఎంత మేర పాకిందో కొలిచే పని మిగిలిపోవడంతో ఒక ఉదయం మళ్లీ బయల్దేరాం. కాలనీ వైపు పాయ పూర్తిగా ఎండిపోయి ఇసుక మేట బయటపడింది. అంటే పడవ అక్కర్లేకుండా నడిచి దాటొచ్చు. మేం కూడా నడిచే దాటాం. సగం దాకా వెళ్లాక ఇసుకలో అడుగులు కనబడ్డాయి. ఉత్త కాళ్లు, చిన్న పాదాలు. కాస్త ఎడమకాలు ఈడ్చినట్టున్నాయి. కాలనీ వైపు నుంచి లంకలోకి వెళ్లాయి. తిరిగొచ్చిన జాడ లేదు.

గార్డు వంగి చూసి, "పాదాలు ముందుకే ఉన్నాయండి" అన్నాడు. వాడి ముఖంలో ఎంతో నిశ్చింత. నాకు నవ్వొచ్చింది. ఆ రోజుకి అదే ఆఖరి నవ్వు.

మేం వెదురు అంచున టేపు పట్టుకుని పని చేసుకుంటున్నాం. పొద్దెక్కేకొద్దీ పడమటి గాలి లేచింది. మొన వైపు కిర్రుకిర్రులు ఎక్కువయ్యాయి. కాసేపటికి ఢామ్మని ఒక పేలుడు. తుపాకీ పేలినట్టు. వెంటనే ఇంకోటి. తర్వాత వరసగా.

"ఎవరండి కాలుస్తున్నారు?" అన్నాడు గార్డు.

ఎవరూ కాల్చడం లేదు. ఎండువెదురు మండితే కణుపుల్లో గాలి వేడెక్కి గడలు అలా పేలతాయి. మొన దగ్గర పొగ లేచింది. చచ్చి నించున్న తోపు అంటుకుంది. గాలి ఊరి వైపు కొడుతోంది.

గార్డు అప్పటికే టేపు చుట్టేశాడు. "పాయలోకి పరిగెత్తుదాం సార్. ఇసుకలోకి నిప్పు రాదు."

అది సరైన మాటే. నేను రెండడుగులు వేశాను కూడా. అప్పుడు ఇసుకలో చూసిన ఆ చిన్న పాదాలు గుర్తొచ్చాయి. లోపలికి వెళ్లాయి, బయటికి రాలేదు.

"లోపల మనిషుంది" అన్నాను.

"మనిషో కాదో మనకెలా తెలుస్తదండి?"

"కాలీడ్చుకుంటూ నడిచేది మనిషి కాక మరేంటయ్యా? నువ్వు పాయలోకి వెళ్లు. నేను చూసొస్తాను."

వాడు పొగ వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నన్నొక్కణ్ణీ ఇక్కడ వదిలెయ్యకండి సార్" అని నా వెనకే వచ్చాడు. ఆ మాట ధైర్యంతో అన్నాడో భయంతో అన్నాడో ఇప్పటికీ నాకు తెలీదు. ఇప్పటికీ వాడంటే నాకు గౌరవం.

వీధిలోకి దూరేసరికి పొగ మాకంటే ముందే అక్కడుంది. ఎలకలు, ముంగిసలు మా కాళ్ల మధ్య నుంచి ఎదురు పరిగెడుతున్నాయి. ఒక పాము మమ్మల్ని పట్టించుకోకుండా పక్క నుంచి వెళ్లిపోయింది. ఎటు చూసినా ఒకే పచ్చదనం, ఒకే బూడిద రంగు పొగ. ఇల్లేదో వీధేదో తెలియలేదు. నేను "ఎవరండీ అక్కడ?" అని అరిచాను. మళ్లీ అరిచాను. అప్పుడు ఎక్కడో దగ్గర్లో దగ్గు వినబడింది. తర్వాత ఒక గొంతు, చాలా మామూలుగా, పక్కింటివాళ్లతో మాట్లాడుతున్నట్టు అంది:

"ఇటు రండి బాబూ. అటు ముళ్లున్నాయి."

నేను ఒక్క క్షణం ఆగిపోయాను. నిజం చెబుతున్నాను, మంట కంటే ఆ గొంతే నన్ను ఎక్కువ భయపెట్టింది. అంత పొగలో, అంత చప్పుడులో, అంత నెమ్మదైన గొంతు. గార్డు నా చెయ్యి పట్టుకుని, "పలక్కండి, పలక్కండి" అంటున్నాడు. నేను పలికాను. గొంతు వచ్చిన వైపు వాణ్ణి ఈడ్చుకుంటూ వెళ్లాను.

వాకిట్లో ఒక ముసలావిడ నించుని ఉంది. ముతక చీర, చేతిలో చీపురు, పక్కన నీళ్ల బిందె. మమ్మల్ని చూసి, "చెప్పులిక్కడ విప్పండి" అనబోయి, "సరే, రండి" అంది.

"మామ్మగారూ, రండి, పాయలోకి పోదాం" అన్నాను.

"ఈ కాలితో నేనెంత దూరం పోగలను నాయనా? మీరు మాత్రం పోగలరా? చూడండి."

వెనక్కి చూశాను. మేం వచ్చిన వీధిలో ఆకులు అంటుకున్నాయి. మంట మొన నుంచి ఒక్కటిగా రావట్లేదు. నిప్పురవ్వలు ముందుగా ఎగిరి అక్కడా ఇక్కడా పడుతున్నాయి. వెళ్లే దారి లేదు.

తర్వాత జరిగింది చాలా కొద్దిసేపే. ముగ్గురం మొండిగోడ వెనక, అరుగు పక్కన, నేలకి అంటుకుని పడుకున్నాం. ఆవిడ బిందెలో నీళ్లు తన పమిట మీద, మా తలల మీద పోసింది. మంట మా మీదుగా వెళ్లింది. గడలు చెవుల దగ్గర పేలుతున్నాయి. ముఖం కాలిపోతున్నట్టుంది, ఊపిరి అందట్లేదు. కానీ నేల మీద పాకుతూ వచ్చిన నిప్పు వాకిలి అంచుదాకా వచ్చి ఆగింది. లోపలికి రావడానికి దానికేం దొరకలేదు. ఒక్క ఎండాకు లేదు, ఒక్క పుల్ల లేదు. ఊడ్చిన మట్టి, ముగ్గు, అంతే. నిప్పు వాకిలి చుట్టూ తిరిగి అవతలికి పోయింది.

గార్డు మీసం ఒకవైపు కాలింది. నా చొక్కా వీపున చిల్లులు పడ్డాయి. ముసలావిడకి ఏమీ కాలేదు. లేచి కూర్చుని ముందు వాకిట్లో పడిన మసి చూసి, "అయ్యో, ఇప్పుడే ఊడిచాను" అంది.

ఊపిరి తిరిగాక అడిగాను. "మామ్మగారూ, కాలనీలో ఇల్లుంది కదా, ఇక్కడికెందుకొస్తున్నారు?"

"ఉంది బాబూ, స్లాబు ఇల్లు. కోడలు బాగానే చూసుకుంటది. మొదట్లో ఊరికే చూసి పోదామని వచ్చేదాన్ని. ఒక వానాకాలం జ్వరమొచ్చి రాలేకపోయాను. తర్వాత వచ్చి చూస్తే నా పొయ్యిలోంచి పిలక లేచింది. పొయ్యిలోంచి నాయనా! మా అత్తగారూ నేనూ వండిన పొయ్యి. ఒళ్లు మండింది. కొడవలితో కోసేశాను. మర్నాడు చూస్తే ఇంకోటి. అప్పట్నించి వస్తున్నాను. ఏరు పారినన్నాళ్లు పాకలవాళ్ల తెప్ప మీద, ఎండినప్పుడు నడిచి."

"మేం వచ్చినప్పుడు దాక్కున్నారేం?"

"దాక్కోకపోతే మా అబ్బాయికి చెబుతారుగా. ముసల్దానికి మతి పోయిందంటారు."

సాయంత్రానికి నిప్పు ఆరింది. ఎండుతోపు బూడిదైంది. చిన్న వెదురంతా కాలి మోళ్లు మిగిలాయి. కాలనీవాళ్లు ఇసుకలో పరిగెత్తుకుంటూ వచ్చారు. మామ్మగారి కొడుకు ఆవిణ్ణి చూసి తిట్టబోయి ఏడ్చేశాడు. అందరం కలిసి మొదటిరోజు నేను నించున్న ఇసుక గట్టెక్కాం. అక్కడ నించుని వెనక్కి చూశాను. మీకు ఇన్నాళ్లకి ఇది చెప్పాలనిపించింది అప్పుడు చూసినదాని కోసమే.

వెదురు పోవడంతో ఊరు నేల మొత్తం కనబడింది. నల్లగా, మసిగా. ఆ నలుపులో మామ్మగారి వాకిలి గోధుమరంగు రుమాలు పరిచినట్టుంది. దానికి కాస్త దూరంలో ఇంకో రుమాలు. అడ్డవీధిలో ఇంకోటి. చివర ఒంటిగా ఉన్న ఇంటి ముందు ఒకటి. కొన్నిటి మీద ముగ్గులు కూడా చెదరలేదు. మేం ఆ వెదురులో తిరుగుతూ ఒక్క వాకిలే చూశాం. మిగతావి మాకు కనబడకుండా గుబురు మూసేసింది.

గుంపులో ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చివరికి ఒకావిడ నెమ్మదిగా, "అది మాదే" అంది. పక్కావిడ ఆశ్చర్యంగా, "నువ్వు కూడా వస్తున్నావా?" అంది. "నేనొక్కదాన్నే అనుకున్నాను." ఎవరికి వాళ్లే అలా అనుకున్నారు. ఎవరి వేళకి వాళ్లు వచ్చారు. చీపురు చప్పుడు వినబడితే, అది పక్కింటి మనిషిది కాదు, మరేదో అనుకుని భయపడి పారిపోయారు. ఏళ్ల తరబడి ఒకరినొకరు దయ్యాలనుకున్నారు.

నిప్పు ఎలా పుట్టిందో తేలలేదు. బీడీ అన్నారు, వెదురు వెదురు రాసుకుందన్నారు. నేను రిపోర్టులో తెలియదని రాశాను. దానితోబాటు ఇంకోటి కూడా రాశాను. బుట్టలల్లే మేదరవాళ్లనీ కాలనీవాళ్లనీ గడలు కోసుకోనివ్వండి, పాకలవాళ్ల పశువుల్ని ఊళ్లోకి తోలనివ్వండి, మొన దగ్గర మాత్రం వరదకి అడ్డంగా తోపుని మళ్లీ లేవనివ్వండి అని. మనిషీ పశువూ మరీ ఎక్కువైతే వెదురు పుట్టదు. బొత్తిగా లేకపోతే ఊరుని మింగుతుంది. రెండింటికీ మధ్య దూరం ఎంతో మాత్రం నాకు తెలియదు, అది మీరెవరైనా తేల్చాలి. రేంజరు గారు చదివి, "పశువుల్ని తోలమని రాసిన మొదటి ఫారెస్టు వాడివి నువ్వేనయ్యా" అని సంతకం పెట్టారు.

కొన్నేళ్లు అలాగే జరిగింది. తొలకరికి కాలిన దుబ్బుల్లోంచి పిలకలు లేచాయి, గేదెలు మేశాయి, మనుషులు కోశారు. ఆడవాళ్లు వెలుతురులో, కలిసి వెళ్లి ఊడ్చుకొచ్చారు. ఆపైన నాకు ట్రాన్స్‌ఫరైంది. మామ్మగారు పోయారని తర్వాతెప్పుడో తెలిసింది. మిగతావాళ్లు కూడా ఒకరి తర్వాత ఒకరు.

రిటైరవ్వబోయే ముందు ఒకసారి ఆ లంకకి వెళ్లాను, ఒక్కణ్ణే. పాకలు లేవు. పశువుల్ని అమ్మేసి వాళ్లు రావులపాలెం అరటి మార్కెట్టులో పనికి వెళ్తున్నారని పడవవాడు చెప్పాడు. తోక దాకా వెదురే. నేను లోపలికి వెళ్లాను. అడ్డవీధి దొరకలేదు. ఏ వాకిలీ దొరకలేదు. గాలి లేదు, ఆకు కదల్లేదు, ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం భయంగా ఉంది. పాత రోజుల్లో ఆ చీపురు చప్పుడే భయపెట్టింది, ఇప్పుడు అదైనా వినబడితే బాగుండనిపించింది. "ఎవరండీ అక్కడ?" అన్నాను. నా గొంతు నాకే వింతగా ఉంది. ఎవరూ పలకలేదు.

తిరిగి పడవ వైపు నడుస్తూ ఉంటే కాసేపటికి గమనించాను. నేను మామూలుగా నడవడం లేదు. దారి పడాలన్నట్టు ఒక్కో అడుగూ నేలకేసి గట్టిగా తొక్కుతున్నాను.